చేతులు మారినా చెదరని పత్రిక: స్ట్రేంజ్ హొరైజన్స్

స్ట్రేంజ్ హొరైజన్స్ అనే ఆంగ్ల అంతర్జాల వారపత్రికను నేను పదకొండేళ్ళుగా చదువుతున్నాను. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, హారర్, వీటి మధ్య గట్లు చెరిపేసి రాసే కథలు, అన్నిటినీ కలిపి స్పెక్యులేటివ్ ఫిక్షన్ అంటున్నారు కదా, ఆ తరహా రచనల కోసమే 2000 సెప్టెంబరులో ఈ పత్రిక మొదలైంది. చదవడానికి రుసుము లేదు, చందా లేదు, పాత సంచికలన్నీ ఎప్పుడు కావాలంటే అప్పుడు చదువుకోవచ్చు. ఇన్నేళ్ళూ కథ నచ్చితే సంతోషించి, నచ్చకపోతే పక్కన పెట్టి ఊరుకున్న పాఠకుణ్ణి నేను. ఈ ఏడాది మాత్రం ఈ పత్రికలో కథల వెనుక ఉన్న మనుషులను, వారు ఒకరి తరవాత ఒకరు బాధ్యత అందుకున్న తీరును శ్రద్ధగా గమనించవలసిన అవసరం వచ్చింది. అందువల్ల ఈ సమీక్షలో కథల సంగతి కొంతే ఉంటుంది, పత్రిక చేతులు మారిన సంగతి ఎక్కువగా ఉంటుంది.

ఆ అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. తెలుగులో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథలు రాసేవాళ్ళం కొందరం కలిసి తొమ్మిదేళ్ళ క్రితం ఒక చిన్న అంతర్జాల బృందం పెట్టుకున్నాం. కాకినాడలో నేను, హైదరాబాదులో కొందరు, బెంగళూరులో ఇద్దరు, డాలస్‌లో ఒకరు, మొత్తం కలిపి ముప్ఫైమందికి మించం. రెండు వారాలకొకసారి ఆదివారం సాయంత్రం ఒకరి కథను ముందే చదువుకొని వచ్చి వరసగా అభిప్రాయాలు చెబుతాం. అందరూ చెప్పడం పూర్తయ్యేదాకా కథ రాసినవారు మాట్లాడకూడదన్నది నియమం. ఎవరి వంతు ఎప్పుడో రాసుకున్న పట్టిక నా దగ్గరే ఉండేది, కథలన్నీ దాచిన ఖాతా పాస్‌వర్డ్ నాకొక్కడికే తెలుసు, కొత్తవారిని చేర్చుకోవాలా వద్దా అన్న నిర్ణయమూ నాదే. కిందటి ఏడాది నేను ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉండిపోతే ఆ మధ్య వచ్చిన రెండు సమావేశాలూ జరగలేదు. అందరికీ కలవాలనే ఉంది, కాని ఏ కథ చదవాలో ఎవరికీ తెలియలేదు. తొమ్మిదేళ్ళుగా నేను బాగా నడుపుతున్నానని నమ్మిన బృందం నా మంచం పక్కనే ఆగిపోయిందని తెలిసినప్పుడు కలిగిన బాధ చిన్నది కాదు. ఇంటికి వచ్చాక ఈ బాధ్యతను మరొకరికి అప్పగించాలని నిశ్చయించుకున్నాను. అప్పగించడం ఎలాగో తెలియలేదు. ఇటువంటి పనిని పలుమార్లు చేసి నిలదొక్కుకున్నవారు ఎవరా అని వెతుక్కుంటే, నేను వారం వారం చదివే పత్రికే ఎదురుగా కనిపించింది.

ముందు పాఠకులకు ఇందులో ఏం దొరుకుతుందో చూద్దాం. సంచిక సాధారణంగా సోమవారం వస్తుంది. ఒక కథ, కవితలు, అప్పుడప్పుడు వ్యాసాలు, ముఖాముఖులు ఉంటాయి. పుస్తక సమీక్షలు వారం మధ్యలో కూడా వస్తూంటాయి. చాలా కథలను, కవితలను చదివి వినిపించే ఆడియో కూడా ఉంటుంది, కళ్ళకు శ్రమ పడకూడని రోజుల్లో నేను దాని మీదే ఆధారపడ్డాను. కథల సంగతి అటుంచితే, ఈ పత్రికకు నేను మొదటి మార్కు వేసేది సమీక్షలకు. పుస్తక సమీక్ష అంటే ఇతివృత్తం చెప్పి, రచయితను అభినందించి, అచ్చుతప్పులు ఎత్తిచూపి ముగించే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. ఇక్కడి సమీక్షకులు ఒక నవల ఏ ఊహ మీద నిలబడిందో, ఆ ఊహ ఎంత దూరం నిజాయితీగా సాగిందో, ఎక్కడ వెనుకడుగు వేసిందో తరచి చూస్తారు. కథ రాయడం నేర్చుకోదలచినవారికి పది కథలు చదివినంత ప్రయోజనం ఇటువంటి ఒక్క సమీక్షలో ఉంటుంది.

2017లో ఈ పత్రికకు తోడుగా సమోవర్ అనే అనువాద పత్రిక మొదలైంది. ఇందులో అనువాదం పక్కనే మూల రచనను కూడా దాని సొంత భాషలో, సొంత లిపిలో ప్రచురిస్తారు. ఈ పద్ధతి గురించి తెలుగు రచయితలు తప్పక తెలుసుకోవాలి. అనువాదం అచ్చయిన చోట మూలం కనిపించకుండా పోవడమే మనం సాధారణంగా చూసే సంగతి. ఇక్కడ రెండూ ఒకే గౌరవంతో పక్కపక్కన కూర్చుంటాయి.

రచయితల వైపు నుంచి చూస్తే ముఖ్యమైన విషయం డబ్బు. ఈ పత్రికలో రాసినవారికి పారితోషికం అందుతుంది. పత్రికను నడిపేవారికి అందదు. సంపాదకులు, వచ్చిన కథలను మొదటి విడతలో చదివి వడకట్టేవారు, ప్రూఫులు దిద్దేవారు, ఆడియో తయారుచేసేవారు, అందరూ స్వచ్ఛందంగా పనిచేసేవారే. లాభాపేక్ష లేని సంస్థగా నమోదై, ప్రకటనల మీద కాకుండా పాఠకుల విరాళాల మీద నడుస్తుంది. ఏటా ఒకసారి విరాళాల సేకరణ జరుగుతుంది, ఫలానా మొత్తం చేరితే ఫలానా ప్రత్యేక రచన విడుదల చేస్తామని చెప్పి, చేరగానే విడుదల చేస్తారు. నడిపేవారికి జీతం లేకపోవడం వల్ల ఒక చిక్కుంది. ఉద్యోగాలు, చదువులు, పిల్లలు, అనారోగ్యాలు అందరికీ ఉంటాయి కనుక, ఇటువంటి పనిలో ఎవరూ కలకాలం ఉండలేరు. అందుచేత ఈ పత్రికకు బాధ్యత చేతులు మారడమన్నది ఎప్పుడో ఒకసారి వచ్చే గండం కాలేదు, మొదటి నుంచీ నిత్యకృత్యంలో భాగమైంది.

పత్రికను స్థాపించింది మేరీ ఆన్ మోహన్‌రాజ్. శ్రీలంక తమిళ కుటుంబంలో పుట్టి అమెరికాలో పెరిగిన రచయిత్రి. మూడేళ్ళకు కొంచెం పైగా ప్రధాన సంపాదకురాలిగా ఉండి, 2003 చివర ఆమె ఆ స్థానం నుంచి తప్పుకున్నారు. మూడేళ్ళంటే పత్రికకు ఇంకా పాలపళ్ళు ఊడని వయసు. తాను కని పెంచుతున్నదాన్ని అంత త్వరగా మరొకరి చేతిలో పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో, తొమ్మిదేళ్ళు పట్టిక వదలలేకపోయిన నాకు ఇప్పుడు తెలుస్తున్నది. ఆమె చేతులు కట్టుకొని కూర్చోలేదు. 2004లో స్పెక్యులేటివ్ లిటరేచర్ ఫౌండేషన్ అనే మరో సంస్థను ప్రారంభించి, ఈ తరహా రచయితలకు ఆర్థిక సహాయం అందించే పనిలో పడ్డారు. వదిలిపెట్టిన మనిషికి చేయడానికి మరో పని ఉండటం, కొత్తగా వచ్చినవారికి ఎంత పెద్ద మేలో నేను ఇదివరకు ఆలోచించలేదు. పాత సంపాదకులకు వేరే పని లేకపోతే కొత్త సంపాదకుల వెనుకే నిలబడి చూస్తూంటారు.

ఆమె తరవాత వచ్చిన సూసన్ మేరీ గ్రాపీ అప్పటికే పత్రికలో కథల విభాగంలో పనిచేస్తున్నవారు. 2004 మొదలుకొని 2010 చివరిదాకా, ఏడేళ్ళు, ఆమె సారథ్యం సాగింది. 2010లో ఈ పత్రికకు చేసిన కృషికిగాను ఆమెకు వరల్డ్ ఫాంటసీ పురస్కారం లభించింది, ఆ సంవత్సరాంతంలోనే ఆమె ప్రధాన సంపాదకత్వం వదిలారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ వరస. పేరు వచ్చిన ఏడాది, మరో ఏడేళ్ళు కూర్చోవడానికి ఎవరైనా మంచి కారణం వెతుక్కోగలరు. పని బాగా సాగుతున్నప్పుడు అప్పగిస్తే అందుకునేవారికి బాగా సాగుతున్న పని దొరుకుతుంది. అలసిపోయి, అప్పులూ తగవులూ మిగిలాక అప్పగిస్తే అవే దొరుకుతాయి.

2011లో బాధ్యత తీసుకున్న నియల్ హారిసన్ బ్రిటన్‌కు చెందిన విమర్శకుడు, అంతకు ముందు అయిదేళ్ళు ఇదే పత్రికలో సమీక్షల విభాగాన్ని చూసినవారు. ఆయన 2017 దాకా ఉన్నారు. ఆ తరవాత జేన్ క్రౌలీ, కేట్ డాలర్‌హైడ్ ఇద్దరూ కలిసి ప్రధాన సంపాదకులయ్యారు. వారి వెనుక వెనెస్సా రోజ్ ఫిన్ వచ్చారు. ఆమె తరవాత సంపాదక వర్గాన్ని సమన్వయం చేసే పని అందుకున్నది మన దేశానికి చెందిన గౌతమ్ భాటియా, రాజ్యాంగ న్యాయశాస్త్రం మీద విస్తృతంగా రాసిన న్యాయవాది, నవలాకారుడు కూడా. ఈ పేర్లన్నీ వరసగా రాసుకొని చూస్తే రెండు సంగతులు కనబడతాయి. గ్రాపీ, హారిసన్ ఇద్దరూ పైనుంచి దిగినవారు కారు; పత్రికలోనే ఏదో ఒక విభాగంలో చెమటోడ్చి, ఆ పని ఎంతో తెలిసి పైకి వచ్చినవారు. రెండోది, ఒకరు కథల వైపు నుంచి, మరొకరు విమర్శ వైపు నుంచి వచ్చారు, ఒకరు అమెరికాలో, ఒకరు బ్రిటన్‌లో, ఒకరు ఇండియాలో ఉన్నవారు. తన పోలికలే ఉన్న వారసుణ్ణి వెతుక్కునే పొరపాటు వీరు చేయలేదు. నేను చేయబోయాను. బృందంలో నా అభిరుచులకు దగ్గరగా ఉండి, నేను మెచ్చే కథలనే మెచ్చే ఒక మిత్రుణ్ణి మనసులో అనుకొని ఉన్నాను. ఈ వరస చూశాక ఆ ఆలోచన మానుకున్నాను.

చేతులు మారినప్పుడు మనుషులతో పాటు పోయేవి జ్ఞాపకాలు. ఏ కథను ఎందుకు తిప్పిపంపామో, ఎటువంటి కథలు వందల కొద్దీ వస్తాయో అన్నది సంపాదకుల తలలోనే ఉంటే వారితోనే వెళ్ళిపోతుంది. ఈ పత్రిక తొలినాళ్ళ నుంచి 2012 దాకా కథల విభాగంలో పనిచేసిన జెడ్ హార్ట్‌మన్ దీనికి చక్కటి ఉపాయం చేశారు. తమకు పదే పదే వచ్చే ఇతివృత్తాలను ఒక జాబితాగా రాసి రచయితలందరికీ కనబడేలా పెట్టారు. చివరికి జరిగిందంతా కల అనో, కంప్యూటరు సృష్టించిన మాయ అనో తేలే కథల వంటివి అందులో ఉంటాయి. కొత్త రచయితలకు అది హెచ్చరిక, ఎన్నిసార్లు చదివినా నేర్చుకోవడానికి ఏదో ఒకటి మిగిలే పాఠం. కాని కొత్త సంపాదకులకు అది వారసత్వం కూడా. ఆయన వెళ్ళిపోయినా ఆయన చదివిన వేల కథల అనుభవం ఆ జాబితా రూపంలో పత్రికలో ఉండిపోయింది. మా బృందంలో తొమ్మిదేళ్ళలో దాదాపు రెండు వందల కథలు చర్చించాం, ఏ ఒక్క చర్చ సారాంశాన్నీ నేను కాగితం మీద పెట్టలేదు. ఇప్పుడు గుర్తున్నంత మేరకు కూర్చొని రాస్తున్నాను.

అప్పగింతకు వ్యవధి దొరకని సందర్భం కూడా ఈ పత్రికకు ఎదురైంది. సమీక్షల విభాగానికి పెద్దదిక్కుగా ఉన్న మోరీన్ కింకేడ్ స్పెల్లర్ 2022 సెప్టెంబరులో కన్నుమూశారు. నేను పైన చెప్పిన సమీక్షల పదునులో ఆమె పాలు చాలా ఉంది. అటువంటి మనిషి వెళ్ళిపోతే ఆ విభాగం కుంటుపడుతుందని ఎవరైనా భయపడతారు. ఆమె పక్కన పనిచేసిన డాన్ హార్ట్‌లాండ్, ఐశ్వర్య సుబ్రమణియన్ ఉన్నారు గనుక సమీక్షలు ఆగలేదు. విమర్శ గురించే ఒక ప్రత్యేక సంచిక తెచ్చి ఆమెకు నివాళి అర్పించారు. దుఃఖంలో ఉన్నవారు పని ఎలా జరగాలో వెతుక్కోవలసిన స్థితి రాకూడదు. ఒక కుర్చీలో ఒక్కరే కూర్చోకుండా ముందు నుంచీ ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేయడం వల్ల లభించే రక్షణ అది.

చివరకు వీరు ప్రధాన సంపాదకత్వమనే కుర్చీనే పంచుకున్నారు. భాటియా హోదా ప్రధాన సంపాదకుడు కాదు, సమన్వయ సంపాదకుడు. నిర్ణయాలు విభాగాల మధ్య పంచుకొని ఉంటాయి. ఎన్నో ఏళ్ళు తుది జాబితాలో నిలిచిన తరవాత 2024లో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభలో ఈ పత్రికకు, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రంగంలో పేరున్న హ్యూగో పురస్కారం వచ్చింది. అది ఏ ఒక్క పేరుతోనూ కాక మొత్తం సంపాదక సమష్టి పేరుతో వచ్చింది. స్థాపించిన మనిషి తప్పుకున్న ఇరవై ఏళ్ళకు ఒక పత్రిక అంతటి గౌరవం అందుకోవడం చూసి నా కళ్ళు చెమర్చాయి.

మనకూ ఇటువంటి కథ ఒకటుంది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ప్రారంభించిన చందమామను 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావుగారు తీర్చిదిద్దారు. ఆయన తరవాత కూడా ఆ పత్రిక భాష, పొందిక చాలా ఏళ్ళు చెక్కుచెదరలేదు, ఎందుకంటే కథ ఎలా చెప్పాలన్నది అక్కడ పనిచేసినవారందరికీ ఒంటబట్టింది. 2007లో యాజమాన్యం చేతులు మారి ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు దక్కింది, మరి కొన్నేళ్ళకు పత్రిక ఆగిపోయింది. కలం చేతులు మారడం వేరు, ఆస్తి చేతులు మారడం వేరు. స్ట్రేంజ్ హొరైజన్స్‌ను కొనడానికీ అమ్మడానికీ ఎవరి సొంతమూ కాకుండా ఉంచడం దాని ఆయుష్షుకు ఒక కారణమని నేను నమ్ముతున్నాను.

అయితే లాభాపేక్ష లేకపోవడం ఒక్కటే కాపాడుతుందని చెప్పలేను. నెల రోజుల్లో నవల రాయడమనే ఉద్యమాన్ని 1999లో ఇరవై ఒక్క మందితో క్రిస్ బేటీ మొదలుపెట్టారు. నానోరైమో పేరుతో ప్రపంచమంతా తెలిసిన ఆ సంస్థను కూడా ఆయన 2012 ప్రారంభంలో పద్ధతిగానే ఇతరులకు అప్పగించారు. ఆ తరవాత పదేళ్ళకు పైగా నడిచి, ఆర్థిక ఇబ్బందుల వల్ల, నిర్వహణ మీద వచ్చిన తీవ్ర విమర్శల వల్ల 2025 మార్చి 31న మూసివేస్తున్నట్టు ప్రకటించింది. వ్యవస్థాపకుడు సవ్యంగా తప్పుకున్నా, అందుకున్నవారు సభ్యుల నమ్మకాన్ని ఏ రోజుకారోజు సంపాదించుకుంటూ ఉండాలి.

ఈ పత్రికలో నాకు కనిపించే లోపాలు కూడా రాయాలి. కొన్ని కథలు భాషా ప్రయోగం మీద ఎంత శ్రద్ధ పెడతాయంటే, ఏం జరిగిందో తెలుసుకోవడానికి రెండుసార్లు చదవవలసి వస్తుంది. చందమామ, కాశీమజిలీ కథల మీద పెరిగిన పాఠకులకు కథ నడక చాలలేదనిపించవచ్చు. పాతికేళ్ళ సంచికలు ఎదురుగా ఉన్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. అన్నిటికీ మించి, బాధ్యతను ఇంతమంది పంచుకున్నప్పుడు పత్రికకు ఒక స్పష్టమైన గొంతు తగ్గుతుంది. హారిసన్ కాలంలో పత్రిక దేని గురించి పట్టుదలగా ఉందో పాఠకుడికి తెలిసేది. ఇప్పుడు విభాగానికొక స్వరం వినిపిస్తుంది. పైగా జీతం లేని చాకిరీ మీద ఇంత పెద్ద కట్టడం నిలబెట్టడం ఎంతకాలం న్యాయమన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. 2017 నుంచి సారథులు త్వరత్వరగా మారడంలో ఆ అలసట పాలు కూడా ఉండవచ్చు.

కొత్తగా చదవదలచినవారికి నా సలహా, కొత్త సంచికలోని కథతో కాకుండా సమీక్షలతో మొదలుపెట్టండి. మీరు ఇదివరకే చదివిన ఒక ఆంగ్ల నవలకు వీరు రాసిన సమీక్ష చదివితే వీరి చూపు ఎటువంటిదో తెలుస్తుంది. ఆ తరవాత సమోవర్‌లోకి వెళ్ళి మూలం, అనువాదం పక్కపక్కన ఉన్న కథ ఒకటి చదవండి. అప్పుడు ప్రధాన పత్రిక కథలు సులువుగా లోపలికి రానిస్తాయి. రచయితలైతే హార్ట్‌మన్ జాబితా చదివాకే కథ పంపండి. చదివి మేలు పొందినవారు విరాళాల కాలంలో తోచినంత ఇవ్వడం ధర్మం. నేను ఈ ఏడాది ఇచ్చాను.

మా బృందంలో మూడు నెలల క్రితం మార్పు జరిగింది. ఒక్కరి బదులు ముగ్గురిని ఎన్నుకున్నారు. వంతుల పట్టిక హైదరాబాదులో ఉన్న ఒక ఉపాధ్యాయురాలు చూస్తున్నారు, కథల ఖాతా డాలస్ మిత్రుడి దగ్గర ఉంది, కొత్తవారిని చేర్చుకునే పని మా అందరిలోకీ చిన్నదైన బెంగళూరు అమ్మాయికి అప్పగించారు. నా మనసులో ఉన్న మిత్రుడు ఈ ముగ్గురిలో లేరు. ఏడాదికొకసారి ముగ్గురిలో ఒకరు మారాలని వారే నియమం పెట్టుకున్నారు. ఉపాధ్యాయురాలు రాసిన కథనొకదాన్ని ఇప్పుడు ఇద్దరు సభ్యులు ఆంగ్లంలోకి అనువదిస్తున్నారు. దాన్ని సమోవర్‌కు పంపుదామని నేను సూచించాను. ముగ్గురూ మాట్లాడుకొని, అనువాదం మరోసారి దిద్దాక చూద్దామన్నారు.